పొరుగువారి ఆకాశం: ఎలక్ట్రానిక్ పరికరాల వికిరణానికి హద్దులు

(కళాశాల విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

రేడియో వినే అలవాటున్న ప్రతి ఇంటికీ తెలిసిన అనుభవం ఒకటున్నది. సాయంకాలం వార్తలు సాగుతూ ఉంటాయి. పక్క గదిలో ఎవరో ట్యూబులైటు వేస్తారు. వీధిలో ఒక స్కూటరు పోతుంది. దగ్గరలోని బావి మీద మోటారు తిరగడం మొదలవుతుంది. ఆ క్షణంలో గరగరమని ఒక చప్పుడు లేచి వార్తలు చదివే గొంతులోని ఒకటి రెండు మాటలను మింగేస్తుంది. ఇంట్లోని వారు రేడియోను కాస్త పక్కకు తిప్పి మళ్లీ వింటారు. అంతకుమించి దానిని గురించి ఎవరూ ఆలోచించరు.

ఆలోచించవలసిన విషయం మాత్రం అందులో ఉన్నది. ట్యూబులైటు పని వెలుతురివ్వడం, స్కూటరు పని మనిషిని మోయడం, మోటారు పని నీరు తోడడం. వీటిలో ఏ ఒక్కటీ రేడియో ప్రసారం కోసం తయారైనది కాదు. అయినప్పటికీ ప్రతి ఒక్కటీ తాను చేసే పనితో పాటు ఒక చిన్న ప్రసార కేంద్రంగా కూడా మారుతున్నది. ఆ ప్రసారానికి లైసెన్సు లేదు, కార్యక్రమం లేదు, దానిని కోరి వినే శ్రోత లేడు. ఉద్దేశం లేకుండా పరికరం నుండి వెలువడే ఈ విద్యుదయస్కాంత శక్తినే ఇంజనీర్లు వికిరణ ఉద్గారం అంటారు. దానిని ఎంతవరకు సహించాలి, ఆ హద్దును ఎవరి కోసం గీయాలి అన్నదే ఈ ప్రసంగ విషయం.

నిప్పురవ్వ నుండి కంప్యూటరు దాకా

రేడియో తరంగాల చరిత్ర నిప్పురవ్వతోనే మొదలైనది. 1887–88లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హైన్‌రిక్ హెర్ట్జ్ రెండు లోహపు గోళాల నడుమ విద్యుత్ రవ్వను పుట్టించి, దూరంగా ఉంచిన తీగ చుట్టలో దాని ప్రభావాన్ని చూడగలిగాడు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు అటువంటి తరంగాలు గోడలను దాటిపోతాయని ప్రేక్షకుల ఎదుట ప్రదర్శించాడు. తొలినాటి ఓడల మీది వైర్‌లెస్ యంత్రాలన్నీ ఈ రవ్వ మీదనే ఆధారపడి పని చేశాయి.

కాని రవ్వకు ఒక దుర్గుణమున్నది. అది ఒక్క పౌనఃపున్యంతో తృప్తి పడదు. తన శక్తిని రేడియో వర్ణపటంలో విశాలంగా చిమ్ముతుంది. ఒక ఓడ మాట్లాడితే చుట్టుపక్కల ఓడలు వినలేకపోయేవి. అందుచేతనే 1927లో వాషింగ్టన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సమావేశం రవ్వ ప్రసారాలపై ఆంక్షలు విధించింది. ఉద్దేశపూర్వకంగా చేసే ప్రసారానికి ఈ విధంగా క్రమశిక్షణ వచ్చినది. ఉద్దేశం లేని ప్రసారం మాట ఏమిటన్న ప్రశ్న మిగిలిపోయింది. ట్రాముల తీగలు, మోటారు కార్ల స్పార్కు ప్లగ్గులు, వైద్యశాలలోని యంత్రాలు ఆనాటికే రేడియో శ్రోతలను బాధించసాగాయి.

1934లో పారిస్‌లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం ఆధ్వర్యాన రేడియో అంతరాయాలపై ఒక ప్రత్యేక సంఘం తొలిసారి సమావేశమైనది. ఫ్రెంచి పేరులోని మొదటి అక్షరాలను బట్టి దానిని ‘సిస్పర్’ అని పిలుస్తారు. ఆ సంఘం ముందున్న సమస్య రెండు విధాలది. శ్రోతకు రక్షణ కల్పించాలి. దానితో పాటు, ఒక దేశంలో అంగీకరించిన సరుకును మరొక దేశం తన సొంత కొలబద్దతో తిప్పి పంపకుండా కొలిచే పద్ధతి అన్ని దేశాలకు ఒకటి కావాలి. ఈనాటికీ ఎన్నో దేశాల ప్రమాణాలకు ఆధారం ఆ సంఘం రూపొందించిన పత్రాలే.

ఆ తరువాత కంప్యూటరు వచ్చినది. 1975లో కాలిఫోర్నియాలో కంప్యూటర్ ఔత్సాహికుల సమావేశం ఒకటి జరిగింది. ఒక సభ్యుడు తాను కూర్చిన చిన్న కంప్యూటరు పక్కన మామూలు రేడియో నుంచి, దాని అంతరాయమే పాటగా వినిపించేటట్లు సూచనలు రాసి నడిపించాడు. రేడియోకు, కంప్యూటరుకు మధ్య ఏ తీగా లేదు. సభ్యులు హర్షధ్వానాలు చేశారు. ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే ఆ పాట ఒక హెచ్చరిక కూడా. ఆ గదిలో ఇష్టపూర్వకంగా విన్నదే పక్కింటివారికి ఇష్టం లేకుండా వినిపించగలదు.

అమెరికాలోని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1938లోనే తక్కువ శక్తితో వికిరణం చేసే పరికరాలకు నియమాలు చేసినది. కంప్యూటర్లు ఇళ్లలోకి ప్రవేశించడంతో 1979లో వాటికి ప్రత్యేకంగా పరిమితులను నిర్ణయించింది. ఐరోపా ఆర్థిక సమాజం 1989లో జారీ చేసిన ఆదేశం 1996 జనవరి 1 నుండి పూర్తిగా అమలులోకి వచ్చినది. పరికరం ఇతరులను బాధించకుండా ఉండటమే కాక, ఇతరుల నుండి వచ్చే మితమైన అలజడిని తట్టుకోవాలని కూడా ఆ ఆదేశం కోరింది. నోరు అదుపులో ఉంచుకొమ్మని చెప్పడంతో పాటు, చెవికి కొంత ఓర్పు కూడా నేర్పినట్లయింది.

ఒక టెలివిజన్ పెట్టె చేసిన ఆర్తనాదం

హద్దు తప్పితే నష్టపోయేది పాట ఒక్కటే కాదు. 2004 అక్టోబరులో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, కార్వాలిస్ అనే పట్టణంలో జరిగిన సంఘటన దీనికి నిదర్శనం.

కూలిన విమానాలు, మునిగే ఓడలు పంపే సంకేతాలను ఉపగ్రహాల ద్వారా పట్టుకొనే ఏర్పాటు ప్రపంచంలో ఒకటున్నది. కాస్పాస్–సార్‌శాట్ అనే ఆ వ్యవస్థను అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ కలిసి 1979లో తలపెట్టాయి. ప్రచ్ఛన్న యుద్ధపు రోజులలో సైతం ఆపదలో ఉన్న మనిషి గొంతు వినడానికి ఆ దేశాలు ఏకమైనాయి. భారతదేశం కూడా అందులో పాల్గొంటున్నది. మన భూకేంద్రాలు బెంగుళూరులోను, లక్నోలోను ఏర్పడ్డాయి. ఆ కాలంలో ఉపగ్రహాలు ఆలకించే పౌనఃపున్యాలలో 121.5 మెగాహెర్ట్జ్ ఒకటి.

కార్వాలిస్ నుండి ఆ పౌనఃపున్యం మీద ఆపద సంకేతం వస్తున్నట్లు ఉపగ్రహం గుర్తించింది. సమాచారం సైనిక రక్షణ సమన్వయ కేంద్రానికి, అక్కడి నుండి స్థానికులకు చేరింది. గాలింపు బృందం, పోలీసులు వెతుక్కుంటూ వచ్చి ఒక విద్యార్థి నివాసం తలుపు తట్టారు. అక్కడ కూలిన విమానం లేదు. ఏడాది క్రితం కొన్న టెలివిజన్ పెట్టె ఉన్నది. దానిలోని ఏదో లోపం వల్ల సరిగ్గా ఆ పౌనఃపున్యం మీదనే వికిరణం వెలువడుతున్నది. పెట్టెను ఆపి ఉంచకపోతే రోజుకు 10,000 డాలర్ల జరిమానా పడవచ్చునని అధికారులు హెచ్చరించారు.

ఈ సంఘటన చెప్పుకొని నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కాని అదే సమయంలో ఆ చుట్టుపక్కల కొండలలో నిజంగానే ఒక విమానం కూలి ఉంటే? దాని చిన్న బ్యాటరీ పంపే సన్నని సంకేతం మీద టెలివిజన్ పెట్టె సంకేతం వచ్చి పడేది. వెతకవలసిన చోటు వదలి మనుషులు వేరొక చోటికి పరుగెత్తేవారు. 2009 ఫిబ్రవరి 1 నుండి ఉపగ్రహాలు 121.5 మెగాహెర్ట్జ్‌ను ఆలకించడం మానివేసి, గుర్తింపు సంఖ్యతో వచ్చే 406 మెగాహెర్ట్జ్ సంకేతాలనే స్వీకరిస్తున్నాయి. 121.5 మెగాహెర్ట్జ్ మీద వచ్చిన సంకేతాలలో తప్పుడువి మితిమీరి ఉండటం ఆ మార్పుకు ఒక ముఖ్య కారణం.

పరికరం ఎందుకు పలుకుతుంది

వీణ తీగను మీటితే ఒక స్వరం వినిపిస్తుంది. శ్రద్ధగా వింటే దాని మీద సన్నని అతిస్వరాలు కూడా వినిపిస్తాయి. డిజిటల్ పరికరంలోని గడియార స్పందన కూడా అటువంటిదే. 10 మెగాహెర్ట్జ్ వేగంతో ఒక వలయం తెరచుకొని మూసుకొంటూ ఉంటే, ఆ చదరపు ఆకారపు స్పందనలో 30, 50, 70 మెగాహెర్ట్జ్‌ల అతిస్వరాలు కూడా ఇమిడి ఉంటాయి. స్పందన ఎంత నిటారుగా లేచి పడితే అతిస్వరాలు అంత పైదాకా పోతాయి. కంప్యూటరు వేగం పెరిగేకొద్దీ దాని పలుకు వర్ణపటంలో విస్తరించడానికి మూలకారణం ఇదే.

పలుకు పుట్టడం ఒక సంగతి, బయటికి పోవడం మరొకటి. 75 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 4 మీటర్లు. అందులో నాలుగవ వంతు, అంటే ఒక మీటరు పొడవున్న తీగ ఆ తరంగానికి చక్కని యాంటెనా అవుతుంది. కంప్యూటరు నుండి ప్రింటరుకు పోయే తీగ, చార్జరు తీగ ఇంచుమించు ఆ పొడవే ఉంటాయి. ఒక మీటరు తీగలో 50 మెగాహెర్ట్జ్ వద్ద ఆంపియరులో పది లక్షల వంతుల్లో అయిదు వంతుల విద్యుత్తు దారితప్పి ప్రవహించినా చాలు. ఇంటి పరికరానికి అమెరికా విధించిన హద్దు దాటిపోతుంది. పరికరం లోపల అసలు పని చేసే విద్యుత్తుతో పోలిస్తే అది లెక్కకు కూడా రానంత స్వల్పం.

నివారణ మార్గాలు కూడా ఇక్కడి నుండే పుడతాయి. విద్యుత్తు వెళ్లే దారి, తిరిగి వచ్చే దారి దగ్గర దగ్గరగా ఉండేటట్లు పలకను రూపొందించాలి. స్పందనలు అవసరానికి మించి నిటారుగా లేకుండా చూడాలి. లోహపు కవచం వేస్తే దానిలో పొడవైన సందులు మిగలకూడదు. లోహంలోని సన్నని పొడవైన సందు కూడా యాంటెనాలాగే పని చేస్తుంది. తీగ బయటికి వచ్చే చోట వడపోత ఉండాలి. కొన్ని తీగల చివర ఉసిరికాయంత ఉబ్బు కనిపిస్తుంది. అందులో ఉన్నది ఫెరైట్ అనే అయస్కాంత పదార్థం. దారితప్పిన విద్యుత్తును అక్కడే అడ్డగించడం దాని పని.

హద్దు ఎంత, ఎక్కడి నుండి వచ్చినది

అమెరికా నియమాలు పరికరాలను రెండు తరగతులు చేశాయి. కార్యాలయాలలో, కర్మాగారాలలో వాడేవి ‘ఎ’ తరగతి. ఇళ్లలో వాడేవి ‘బి’ తరగతి. ‘బి’ తరగతి పరికరం నుండి 3 మీటర్ల దూరంలో కొలిచినప్పుడు క్షేత్ర తీవ్రత 30 నుండి 88 మెగాహెర్ట్జ్ వరకు మీటరుకు 100 మైక్రోవోల్టులు, 88 నుండి 216 వరకు 150, 216 నుండి 960 వరకు 200 మైక్రోవోల్టులు దాటరాదు. సిస్పర్ ప్రమాణాలలోనూ ఇవే రెండు తరగతులు ఉన్నాయి. అందులో ఇంటి పరికరానికి 10 మీటర్ల దూరంలో 230 మెగాహెర్ట్జ్ వరకు సుమారు 32, ఆపైన 1000 మెగాహెర్ట్జ్ వరకు సుమారు 71 మైక్రోవోల్టులు హద్దు.

ఈ అంకెలు ఎంత చిన్నవో ఒక లెక్క వలన తెలుస్తుంది. 3 మీటర్ల దూరంలో 100 మైక్రోవోల్టులంటే, పరికరం అన్ని దిక్కులా సమంగా వెదజల్లుతున్నదని అనుకొంటే, ఆ శక్తి ఒక వాట్‌ను వంద కోట్ల భాగాలు చేసినప్పుడు అందులో మూడు భాగాలు మాత్రమే. టార్చిలైటు బల్బుకు ఒక వాట్ కావాలనుకొంటే, దానిని వెలిగించడానికి ఇటువంటి పరికరాలు 33 కోట్లు కావాలి.

అంత స్వల్పమైన శక్తికి నియమమెందుకని ప్రశ్న రావచ్చు. రేడియో వినడానికి అవసరమైన శక్తి కూడా అంత స్వల్పమైనదే కావడం దానికి సమాధానం. అమెరికాలో చాలా తరగతుల ఎఫ్.ఎం. కేంద్రాలకు సేవాక్షేత్రపు అంచున సంకేతం మీటరుకు 1000 మైక్రోవోల్టులుగా లెక్కిస్తారు. ఇంటి పరికరం 3 మీటర్ల వద్ద 150 మైక్రోవోల్టులు వెలువరిస్తే, 10 మీటర్ల దూరంలోని పక్కింటికి చేరేటప్పటికి అది సుమారు 45కు తగ్గుతుంది. ప్రసారం దానికి ఇరవై రెట్లకు పైగా బలంగా ఉంటుంది కనుక పక్కింటి రేడియో హాయిగా వినిపిస్తుంది.

అంటే హద్దు గీసిన వారి మనసులో ఒక చిత్రం ఉన్నది: ఒక ఇల్లు, కొంత ఖాళీ, ఆవల మరొక ఇల్లు, ఆ ఇంట్లో రేడియో వింటున్న ఒక మనిషి. సొంత ఇంట్లో పరికరం రేడియోకు అడ్డువస్తే యజమాని దానిని ఆపుకోగలడు. పక్కింటివాడు ఆపలేడు, అడ్డు ఎక్కడి నుండి వస్తున్నదో కూడా అతనికి తెలియదు. హద్దు ఆ రెండవవాని కోసం గీసినది.

కొలిచే సాధనంలో కూడా ఆ శ్రోతకు చోటు దొరికింది. సిస్పర్ రూపొందించిన గ్రాహకంలో క్వాసీ–పీక్ శోధకం అనే భాగం ఉంటుంది. ఎప్పుడో ఒకసారి టప్‌మనే చప్పుడును రేడియో శ్రోత సహిస్తాడు. అదే చప్పుడు సెకనుకు వందసార్లు వస్తే సహించలేడు. ఆ సహనాన్ని లెక్కలోకి తీసుకొని, అరుదైన స్పందనకు తక్కువ విలువను, తరచు వచ్చే స్పందనకు ఎక్కువ విలువను చూపేటట్లు దానిని నిర్మించారు. పరీక్షించవలసిన పరికరాన్ని తిరిగే బల్ల మీద ఉంచి, యాంటెనాను 1 మీటరు నుండి 4 మీటర్ల ఎత్తు వరకు పైకి కిందికి జరుపుతూ, ఏ దిశలో పలుకు గరిష్ఠమో అక్కడి విలువనే నమోదు చేస్తారు. ఖాళీ మైదానంలో గాని, ప్రతిధ్వని రాకుండా కర్బనం నింపిన నురుగు శంకువులు గోడలకు అమర్చిన గదిలో గాని ఈ పరీక్ష జరుగుతుంది.

ఈ సందర్భంలో ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. ఈ హద్దులు ఆరోగ్య రక్షణ కోసం విధించినవి కావు. ఆరోగ్యానికి సంబంధించిన పరిమితులు వేరే ఉన్నాయి. 2012 సెప్టెంబరు 1 నుండి మన దేశంలో మొబైల్ స్తంభాలకు అమలులోకి తెచ్చిన పరిమితి 900 మెగాహెర్ట్జ్ వద్ద చదరపు మీటరుకు 0.45 వాట్లు, క్షేత్ర తీవ్రతలో చెప్పాలంటే మీటరుకు సుమారు 13 వోల్టులు. ఇంటి పరికరానికి 3 మీటర్ల వద్ద ఉన్న 200 మైక్రోవోల్టుల హద్దుకు అది 65,000 రెట్లు. కనుక ఒక పరికరం ఉద్గార పరీక్షలో తప్పినదంటే మనిషి శరీరానికి ప్రమాదమని అర్థం కాదు. ఎక్కడో ఒక గ్రాహకానికి చెవుడు వస్తున్నదని అర్థం.

దేశం ఆలకించే చోట్లు

మన దేశంలో అతి సున్నితంగా ఆలకించే చోట్లు కొన్ని ఉన్నాయి. తిరుపతికి సమీపాన గాదంకి గ్రామంలో జాతీయ వాతావరణ పరిశోధనాలయం వారి ఎం.ఎస్.టి. రాడార్ ఉన్నది. 1024 యాంటెనాలు 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు గల ఆవరణలో వరుసలు దీరి ఉంటాయి. 53 మెగాహెర్ట్జ్ మీద 25 లక్షల వాట్ల గరిష్ఠ శక్తితో ఆకాశంలోకి స్పందనలు పంపి, నిర్మలమైన గాలిలోని సుడుల నుండి తిరిగి వచ్చే అతి క్షీణమైన ప్రతిధ్వనిని అది ఆలకిస్తుంది. పంపే శక్తి ఎంత పెద్దదైనా తిరిగి వచ్చేది అత్యల్పం. ఆ 53 మెగాహెర్ట్జ్ మన ఇంటి పరికరాలు పలికే 30–88 మెగాహెర్ట్జ్ పట్టీ నడుమనే ఉన్నది.

పశ్చిమాన పూనా నగరానికి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఖోడద్ వద్ద 45 మీటర్ల వ్యాసం గల 30 పళ్లెపు యాంటెనాలు ఉన్నాయి. గోవింద స్వరూప్ నాయకత్వాన నిర్మితమైన ఈ బృహత్ మీటరు తరంగ రేడియో దుర్భిణికి ఆ స్థలాన్ని ఎన్నుకోవడానికి కారణాలలో మనిషి కల్పించిన రేడియో అలజడి అక్కడ తక్కువగా ఉండటం ఒకటి. అంతకుముందు 1970లో నీలగిరులలో ఊటీ వద్ద 530 మీటర్ల పొడవైన దుర్భిణిని నిర్మించినది కూడా ఆయన నాయకత్వంలోని బృందమే. ఖోడద్ దుర్భిణి సేకరించిన సమాచారంతో, సుమారు 880 కోట్ల సంవత్సరాల క్రితం ఒక నక్షత్ర మండలంలోని హైడ్రోజన్ వెలువరించిన తరంగాన్ని గుర్తించినట్లు 2023 జనవరిలో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. బయలుదేరినప్పుడు ఆ తరంగం 1420 మెగాహెర్ట్జ్. విశ్వం విస్తరించిన కారణంగా ఇక్కడికి చేరేసరికి సుమారు 620 మెగాహెర్ట్జ్. అంత దూరం ప్రయాణించి వచ్చిన తరంగానికి చివరి కొన్ని కిలోమీటర్లలో ఎదురయ్యే శత్రువు విద్యుత్ తీగల మీది చిన్న రవ్వ కావచ్చు. దానిని తొలగించడానికి అక్కడి ఇంజనీర్లు ప్రత్యేకమైన వడపోత పద్ధతులను రూపొందించవలసి వచ్చినది.

బెంగుళూరు సమీపాన బ్యాలాలు వద్ద చంద్రయాన్ నౌకల సంకేతాలను ఆలకించే 32 మీటర్ల యాంటెనా నిర్మాణంలో హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ పాలుపంచుకొన్నది. ఒక రాష్ట్రంలో తయారైన పరికరం మరొక రాష్ట్రంలో నిలిచి దేశమంతటి కోసం చెవియొగ్గి ఉన్నది. ఇటువంటి చోట్లకు పక్కింటి శ్రోత కోసం గీసిన హద్దు చాలదు. అందుకే 1958లో అమెరికా గ్రీన్ బ్యాంక్ దుర్భిణి చుట్టూ సుమారు 34,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించింది.

ఇప్పుడు అలజడి నేల మీది నుండే రావడం లేదు. 2023లో ఐరోపాలోని లోఫార్ దుర్భిణితో పరిశీలించిన 68 సమాచార ఉపగ్రహాలలో 47 నుండి 110–188 మెగాహెర్ట్జ్ మధ్య ఉద్దేశం లేని వికిరణం కనిపించింది. దానికి మూలం ఉపగ్రహాల లోపలి ఎలక్ట్రానిక్ వలయాలేనని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. బల్ల మీది కంప్యూటరుకు ఉన్న పరీక్ష ఆకాశంలోని కంప్యూటరుకు వర్తించకపోవడం నియమాలలో మిగిలిన ఒక లోటు.

ఒకటి, నూరు, వేయి

నేల మీది నియమంలో కూడా ఒక చిక్కు ఉన్నది. హద్దును ఒక్కొక్క పరికరానికి గీశారు. మనుషులు మాత్రం పరికరాలను గుంపులుగా వాడుతారు. ఒకే దూరంలో ఉన్న నూరు పరికరాలు ఒకే పౌనఃపున్యం మీద, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా హద్దు మేరకు పలికితే, వాటి శక్తులు కలిసి క్షేత్ర తీవ్రత పది రెట్లవుతుంది. ప్రతి పరికరమూ నియమం పాటించినదే. అయినా శ్రోతకు వినబడదు. హద్దు గీసినప్పుడు మనసులో ఉన్న ఇల్లు, ఖాళీ, ఆవల మరొక ఇల్లు అన్న చిత్రం ఈనాటి అనేక అంతస్తుల భవనాలకు సరిపోదు. అక్కడ గోడకు ఈవల చార్జరు, ఆవల రేడియో.

అమెరికా నియమాలు ఈ సత్యాన్ని గుర్తించే ఒక షరతు పెట్టాయి. హద్దు లోపల ఉన్నంత మాత్రాన పరికరానికి హక్కు పుట్టదు. అధికృతమైన ప్రసారానికి అది హానికరమైన అంతరాయం కలిగిస్తే దానిని నడపడం ఆపివేయవలసినదే. పైగా ఇతరుల నుండి వచ్చే అంతరాయాన్ని అది సహించవలసినదే. హద్దు అన్నది బాధ్యతకు ఆరంభమే కాని, బాధ్యత నుండి విముక్తి కాదు.

మన దేశంలో 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం చాలాకాలం ఈ రంగానికి ఆధారంగా నిలిచాయి. వాటి స్థానాన్ని తీసుకొనడానికి పార్లమెంటు 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని ఆమోదించింది. 2017లో సవరించిన నియమాల ప్రకారం టెలికాం పరికరాలకు నిర్బంధ పరీక్ష, ధ్రువీకరణ పద్ధతి ఏర్పడి 2019 నుండి దశలవారీగా అమలవుతున్నది. వికిరణ ఉద్గార పరీక్ష అందులో ఒక భాగం. అనేక గృహోపకరణాలకు 2012లో ప్రవేశపెట్టిన నిర్బంధ నమోదు మాత్రం ముఖ్యంగా విద్యుదాఘాతం, అగ్నిప్రమాదం వంటి వాటి నుండి భద్రతకు ఉద్దేశించినది. పరీక్షా సౌకర్యాల విషయానికి వస్తే, 1984లో ఏర్పడిన ‘సమీర్’ సంస్థ వారి చెన్నై కేంద్రం వంటివి ఈ పని చేస్తున్నాయి.

అయితే చట్టమూ, పరీక్షాలయమూ ఉన్నంత మాత్రాన పని పూర్తి కాదు. వడపోతకు అయ్యే ఖర్చు కొన్ని రూపాయలు. ఆ ఖర్చు తయారీదారునిది. వడపోత లేకపోతే కలిగే నష్టం అతనిది కాదు, కొన్నవానిది కూడా కాదు. వారిద్దరికీ తెలియని మూడవవానిది. పరీక్షకు పంపిన నమూనాలో వడపోత ఉంచి, బజారుకు పంపే సరుకులో తీసివేస్తే దీపం వెలుగుతూనే ఉంటుంది, చార్జరు పని చేస్తూనే ఉంటుంది. కొన్నవానికి ఏ లోటూ కనిపించదు. తప్పు చేసినవానికి తన తప్పు ఫలితం కనిపించని చోట నియమం అవసరం రెట్టింపవుతుంది, దానిని పాటించే మనసు అవసరం అంతకంటె ఎక్కువవుతుంది.

1995లో భారత సర్వోన్నత న్యాయస్థానం క్రికెట్ ప్రసారాలకు సంబంధించిన ఒక కేసులో, వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పునిచ్చింది. ఆస్తి అన్నప్పుడు దానిని ఎవరెంత వాడుకోవాలన్న చర్చ సహజంగా వస్తుంది. వేలం పాటలూ, లైసెన్సులూ ఆ చర్చకు సంబంధించినవి. దానిని ఎవరెంత పాడుచేయవచ్చునన్న చర్చ అరుదుగా వస్తుంది. ఊరి చెరువు అందరిదీ అయినప్పుడు దానిలో నీరు తోడుకొనే హక్కుతో పాటు, దానిలో చెత్త వేయరాదన్న కట్టుబాటు కూడా ఊరందరిదే. రేడియో వర్ణపటం విషయంలో ఆ కట్టుబాటు రూపమే మైక్రోవోల్టులలో రాసిన ఈ హద్దు.

విద్యార్థులు దీనిని తమంతట తాము పరీక్షించవచ్చు. ఒక మామూలు ట్రాన్సిస్టరు రేడియోను మీడియం వేవ్ మీద ఏ స్టేషనూ లేని చోట నిలిపి, ఇంట్లోని దీపాలు, చార్జర్లు, కంప్యూటరు దగ్గరకు ఒక్కొక్కటిగా తీసుకొని వెళ్లాలి. ఒక్కొక్క పరికరం ఒక్కొక్క గొంతుతో బుసకొట్టడమో, గరగరలాడటమో వినిపిస్తుంది. కొన్ని దాదాపు మౌనంగా ఉంటాయి. ఆ మౌనం దానంతట అది వచ్చినది కాదు. ఎక్కడో ఒక ఇంజనీరు పలక గీసేటప్పుడు జాగ్రత్త పడ్డాడు. ఒక కర్మాగారం కొన్ని రూపాయలు మిగుల్చుకొనే అవకాశాన్ని వదులుకొన్నది. ఒక పరీక్షాలయం నిజమైన అంకెనే కాగితం మీద రాసింది. వారెవరో పక్కింటి శ్రోతకు తెలియదు, ఆ శ్రోత ఎవరో వారికీ తెలియదు. అయినా ఆ సాయంకాలం వార్తలు చివరిదాకా వినిపించాయి.